ఐదో ముడి

తెల్ల సాసరుకి రంధ్రం వేసి పురికొస కట్టాను,
జానకొక ముడి.
రోజూ పాలవాడు పోయాక చెరువులోకి దించి
ఎన్నో ముడి దగ్గర కంటికి ఆనకుండా పోయిందో
పాత ప్రాక్టికల్ రికార్డులో రాస్తాను.
చెరువని నేనంటాను. చెంగల్రాయులు గుంత అంటాడు.
ఇరవై రెండడుగుల పొడవు, నా రొమ్ములోతు,
పెరట్లో సగం అదే.

మొదటి ముడి తడవకముందే సాసరు మాయం.
మునగాకు నూరి కలిపినట్టుండేవి నీళ్ళు.
కొళత్తూరు సంత నుంచి, గాలి నింపిన సంచుల్లో,
చిత్తూరు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన కోయి చేపలు
ఆ పచ్చ అడుగున ఎక్కడో
నాకు తెలియని కాపురం చేసేవి.
మేత వేస్తే నోళ్ళు మాత్రం పైకొచ్చేవి
గుండ్రంగా, చేబదులు అడిగేవాళ్ళలా.

మూడుసార్లు తోడించాను.
మోటారు పొద్దుగూకేదాకా ఏడ్చింది.
కొత్తనీళ్ళు పది రోజులు తళతళమన్నాయి,
పదకొండో రోజు మళ్ళీ మునగాకు.

ఎరువుల అంగడి చెంగల్రాయులు పొట్లం కట్టిచ్చాడు.
"మైలతుత్తం మేడమ్. ద్రాక్షతోటకే కొడతారు, పాచి ఎంత?"
ముప్పయ్యొక్క ఏళ్ళు కాలేజీ ల్యాబులో
ఆ నీలి పలుకుల్ని తూచి తూచి ఇచ్చినదాన్ని
ఆ పూట తూచలేదు.
గుప్పిట పట్టినంత.

రెండోనాడు తెల్లారకముందే
పచ్చ చచ్చింది.
చచ్చినదాన్ని కుళ్ళబెట్టుకోడానికి
నీళ్ళు తమ ఊపిరంతా ఖర్చు పెట్టుకున్నాయి.
చేపలన్నీ పైకి తేలి, నోళ్ళు తెరిచి,
ఈసారి మేత అడగలేదు.
బిందెతో ముంచి, ఎత్తి, ఎత్తు నించి పోశాను
భుజం జారిపోయేలా, పొద్దెక్కేదాకా.
తొమ్మిది పోయాయి.
నుదుట ఎర్రచుక్క ఉన్నది కూడా.
జామచెట్టు మొదట్లో పూడ్చాను.
చెంగల్రాయుల్ని ఒక్క మాటా అనలేదు. తూకం నాది.

మోటార్ల ఖాజా వచ్చి చెరువు వైపు చూడనైనా లేదు.
"దినానికి ఎన్నిసార్లు మేత వేస్తావక్కా?"
నాలుగు.
"ఎండ?"
పొద్దున్నించీ.
"చేపల్ని మేపుతా ఉండానని నువ్వనుకుంటా ఉండావు.
నువ్వు మేపేది పాచిని."

మామిడిగుజ్జు ఫ్యాక్టరీ నీలి డ్రమ్ములు రెండు,
బెంగుళూరా వాసన ఇంకా వదలనివి.
లోపల గులకరాళ్ళు, చిరిగిన చేపల వల, నా పాత దోమతెర.
చేరెడంత మోటారు.
నీళ్ళు రాళ్ళ మధ్య నడిచి నడిచి అంచున దూకుతాయి.
"రాళ్ళకి జిగురు పడతాది. కడగొద్దు.
పని చేసేదే ఆ జిగురు."
సగానికి నర్సరీ వల నీడ. మేత ఒక్క పూట,
నా కాఫీ చల్లారేలోగా తిన్నంత.

ఆ తర్వాత ఏమీ చెయ్యలేదు.
అదే చేతకాలేదు నాకు.
డ్రమ్ము మూత మీద చెయ్యి పెట్టి తీసేసుకున్న రోజులు
రికార్డులో రాయలేదు.
ఒక ముడి. ఒక ముడి. ఒకటిన్నర.
వానపడి మళ్ళీ ఒకటి.
ఆరో వారం ఐదో ముడి తడిసింది,
సాసరు అడుగున కూర్చుంది.
దాని అంచు మీది నీలిపువ్వు కూడా కనబడింది.

ఇన్నాళ్ళ కింద పోయిన గరిటె.
ఏ తాళానిదో ఒక తాళంచెవి.
చేపలు ఇరవై మూడు;
అందులో నాలుగు వేలెడంతవి, నేను కొననివి.
ఎప్పుడు పుట్టాయో, ఆ మైలతుత్తం పూట ఎక్కడ దాక్కున్నాయో.

కొంగ అప్పుడొచ్చింది.
మా పేట పేరు కొంగారెడ్డిపల్లె.
నలభై ఏళ్ళుగా ఉత్తరాల మీద రాయడమేగాని
ఇంటికి ఒక్కటీ రాలేదు.
గోడ మీద ఒంటికాలిపై నిలబడి
అదీ అడుగుదాకా చూస్తోంది.
నేను చెప్పు వెతుక్కునేలోగా
ఇరవై రెండు.

ఖాజాకి ఫోను చేస్తే నవ్వాడు.
"తామర దుంపలు తెస్తాలే. సగం కప్పేద్దాం.
చూసేకి నీకు సగం చాలదా?"

ఇప్పుడు ఆకులు విచ్చుకున్నాయి.
వాటి కింద ఏమున్నాయో మళ్ళీ తెలీదు.
కొంగ వస్తుంది, కాసేపు చూస్తుంది, పోతుంది.
సాసరు రంధ్రంతో కాఫీకి పనికిరాదు,
కిటికీలోనే ఉంది.
రికార్డు చివరి పేజీలో ఇరవై రెండు అని రాసి
పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.